చదివినవారి పేరు

మా అక్క పుస్తకంలో మా బావ పేరు కూడా ఉంది. నా పేరు లేదు.

ఈ మాట నేనెప్పుడన్నా బావ పడీపడీ నవ్వుతాడు. ఆయన స్కూలు బస్సు డ్రైవరు. కాకికీ కోకిలకీ తేడా ఏమిటంటే రెండూ నల్లగానే ఉన్నాయి కదా అనే రకం. అలాంటి మనిషి ఆరేళ్ళ కిందట అక్కను తీరం దగ్గర దింపడానికి వెళ్ళి, గట్టు మీద కూర్చుని వేరుశనగలు నములుతుంటే, ఒక పిట్ట తనంతట తాను పదడుగుల దూరంలోకి నడిచొచ్చి, కాలికున్న జెండా చూపించి పోయింది. బావ నంబరు చదివాడు, అక్క రాసుకుంది. ఇరవయ్యేళ్ళుగా మెడలో కెమెరా వేలాడేసుకుని అదే తీరం వెంట తిరుగుతున్న నేను మాత్రం ఒక్కటంటే ఒక్కటి చదవలేదు.

జెండా అంటే గోరంత ప్లాస్టిక్ ముక్క. వానలు వెనకబట్టి, చలి ఇంకా ముదరని రోజుల్లో ఉత్తరం నుంచి ఉల్లంకి పిట్టలు మా తీరానికి దిగుతాయి. పొడుగు కాళ్ళు, పొడుగు ముక్కు. బురదలో ముక్కు దించి పురుగులు ఏరుకుని తింటాయి. ఎక్కడో మంచుదేశంలో పిల్లల్ని లేపి, ఎనిమిది తొమ్మిది రోజులు ఎక్కడా కాలు మోపకుండా ఎగిరి వస్తాయి. బయలుదేరకముందే అక్కడివాళ్ళు కొన్నిటిని పట్టుకుని, కాలికి రంగు జెండా తొడిగి, దాని మీద నంబరు వేసి వదిలేస్తారు. ఆ నంబరును మనం దూరం నుంచి టెలిస్కోపులో చదివి, ఏ రోజు ఏ వేళ కనబడిందో రాసి పంపితే, ఆ పిట్ట ఇంకా బతికే ఉందని వాళ్ళకు తెలుస్తుంది. మా అక్క పదకొండేళ్ళుగా జీతం లేకుండా చేస్తున్న ఉద్యోగం ఇది.

జీతమున్న ఉద్యోగం ఆస్పత్రి ల్యాబులో. పొద్దంతా మైక్రోస్కోపులో రక్తకణాలు లెక్కపెడుతుంది, సెలవురోజు టెలిస్కోపులో పిట్టల్ని లెక్కపెడుతుంది. మీ అక్క సగం జీవితం ఒంటికన్నుతోనే గడిపేసిందిరా, ఆ రెండో కన్ను కొత్తదిగానే ఉంది అంటాడు బావ. ల్యాబులో వాడే టిక్కుటిక్కుమనే లెక్కల మిషనే తీరానికీ తెస్తుంది. అక్కడి పట్టింపులు కూడా తెస్తుంది. పుస్తకంలో ఆరు గడులు: తేదీ, వేళ, నీరు పోటో పాటో, నంబరు, పిట్ట స్థితి, చదివినవారి పేరు. రెండు అంకెలూ సొంత కంటితో పూర్తిగా చదివినవాళ్ళ పేరే ఆఖరి గడిలోకి ఎక్కుతుంది. ఒకసారి నేను నాలుగు కనబడింది, పక్కది ఆరో ఎనిమిదో అన్నాను.

"ఆరో ఎనిమిదో అంటే ఏంట్రా?" అంది కలం మూత పెట్టేస్తూ. "పేషెంటుకు నేనలాగే రాసిస్తే సరిపోతుందా, షుగరు నూటఅరవయ్యో నూటఎనభయ్యో అని?"

నాకు ఒళ్ళు మండింది. నాకు తొందరగానే మండుతుంది. అది అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది, ఈ కథంతా దాని వల్లే వచ్చింది.

అక్కకు ఆ పుస్తకంలోని నంబర్లన్నీ ఒక ఎత్తు, నలభైఏడు ఒక ఎత్తు. పసుపు జెండా, ఆడపిట్ట. తొమ్మిదేళ్ళు వరసగా వచ్చింది. ఏటా అది దిగేదాకా అక్కకు అన్నం సయించదు. దిగాక మా ఇళ్ళన్నిటికీ ఫోన్లు చేస్తుంది. ఈ ఏడు వారం ఆలస్యమైంది. మంగళవారం సాయంత్రం అక్క నా స్టూడియోలోకి వచ్చి, పాస్‌పోర్టు ఫొటోలకు జనం కూర్చునే స్టూలు మీద కూలబడింది.

"వచ్చిందిరా."

"ఎవరు?" అన్నాను తెలిసే.

"ఎవరేంటి, మన నలభైఏడు. ఎముకల గూడైపోయింది పాపం. ఎగిరి ఎగిరి ఒంట్లో ఉన్నదంతా కరగదీసుకుంది. రొమ్ము ఎముక బయటికి కనబడుతోంది. పది రోజులు కడుపునిండా తింటే మనిషవుతుంది."

మనిషవుతుంది అనే అంది. మా అక్క ఒట్టి వెర్రిదని ఎవరైనా అంటే నేను ఊరుకోను కానీ, నేను అంటాను.

ఆ శనివారానికి మా ఫొటోగ్రాఫర్ల సంఘం గ్రంథాలయం హాల్లో పెట్టే ప్రదర్శనకు ఫొటోలు ఇవ్వాలి. ఈసారి అంశం 'రెక్కలు'. ఏడాది పొడుగునా స్కూలు గ్రూపు ఫొటోలూ, తల దువ్వుకోకుండా వచ్చే గుర్తింపు కార్డు ముఖాలూ తీసి తీసి చేతులు తుప్పు పట్టినవాడిని. ఆ హాల్లో ఒక గోడ నాకు కావాలనిపించింది. రేపు పొద్దున తీరానికి వెళ్తున్నానని చెప్పాను.

"వెళ్ళు. నిలబడ్డవి తీసుకో. ఎర్ర కర్రలు దాటకు."

"నిలబడ్డ పిట్టల్ని ఫోనుతో కూడా తీస్తారు అందరూ."

"అయితే తియ్యకు," అంది. లేచి చెప్పులు వేసుకుంటూ మామూలుగా, టీలో పంచదార తక్కువైందన్నంత మామూలుగా ఇంకో మాట అంది. "నువ్వు పిట్టల్ని చూడవురా. ఫొటోని చూస్తావు. అందుకే నీకు నంబర్లు కనబడవు."

ఆ రాత్రి పడుకోకుండా లెన్సులన్నీ తుడుచుకుంటూ కూర్చున్నాను.

ఎర్ర కర్రల సంగతి చెప్పాలి. పోటు వచ్చినప్పుడు బురదంతా మునిగిపోయి ఒక ఇసుకదిబ్బ మాత్రం మిగులుతుంది. రెండువేల పిట్టలు దాని మీదికి చేరి, ఒంటికాలి మీద నిలబడి, నీరు తీసేదాకా అలాగే ఉంటాయి. దిబ్బ చుట్టూ అక్కా, తీరం రేంజరూ కలిసి ఎర్రరంగు వేసిన కర్రలు పాతారు. పోటుకు రెండు గంటల ముందు నుంచి పోటు దాటిన గంట దాకా ఎవరూ వాటిని దాటకూడదు. "వాటికది నిద్ర కాదు, ఆస్పత్రి మంచం," అంటుంది అక్క. "సెలైన్ ఎక్కుతున్నవాణ్ణి లేపి పరిగెత్తించినట్టే, ఒక్కసారి లేపినా."

బుధవారం అక్కకు పొద్దుటి డ్యూటీ. నేను ఎనిమిదింటికే స్కూటర్ గట్టు మీద పెట్టి, కర్రల బయట కూర్చున్నాను. ఎండ ఏటవాలుగా పడుతోంది. పిట్టలన్నీ ముక్కులు రెక్కల కింద దోపుకుని మూటల్లా ఉన్నాయి. గంటన్నర చూశాను. ఒక్కటి కదల్లేదు. వెలుగు మాత్రం కదిలిపోతోంది. ఇంకో అరగంటలో తెల్లబడిపోతుంది, తర్వాత ఆ ఫొటో ఎవరికీ పనికి రాదు.

జేబులో పోటు పట్టిక తీసి చూశాను. పోటు ఎనిమిదీ నలభై. గంట కలిపితే తొమ్మిదీ నలభై. గడియారం తొమ్మిదీ నలభై చూపిస్తోంది. లేచి, నీళ్ళలోకి దిగి, కర్రలు దాటాను.

ఆ పట్టిక రేవుది. రేవు దగ్గర పోటు వచ్చాక నలభై నిమిషాలకు గానీ మా బురదనేల దగ్గరికి రాదు. ఈ సంగతి తీరంలో తిరిగే ప్రతివాడికీ తెలుసు, అక్క నాకు వందసార్లు చెప్పింది. మేమందరం పట్టిక చూడగానే మనసులోనే నలభై కలుపుకుంటాం. ఆ పొద్దున నేను కలపలేదు. మరిచిపోయానని ఎవరికైనా చెప్పవచ్చు. అప్పటికి నాకు నేను అలాగే చెప్పుకున్నాను. కానీ దాటేటప్పుడు కెమెరా పట్టీ మెడకు రెండు చుట్లు చుట్టుకుని, వంగి, చప్పుడు కాకుండా నడిచాను. తప్పు కాదనుకున్నవాడు అలా నడవడు.

తొడల దాకా నీళ్ళు. ఇరవై అడుగుల దూరంలో మొదటి పిట్ట తలెత్తింది. తర్వాత అన్నీ ఒక్కసారి లేచాయి. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. నేను వేలు తీయలేదు, పద్నాలుగు ఫ్రేములు వరసగా పడ్డాయి. మంద ఒక చుట్టు తిరిగి గట్టు వైపు వెళ్ళింది. అక్కడ పంపుహౌసుకు పోయిన నెలే కొత్తగా లాగిన కరెంటు తీగలున్నాయి. ఖంగుమని తీగ మోగింది. రెండుసార్లు మోగింది. నేను తలెత్తి చూడలేదు. తల దించుకుని కెమెరా తెర మీద ఫొటో ఎలా వచ్చిందో చూసుకుంటున్నాను.

బాగా వచ్చింది. చాలా బాగా వచ్చింది. పదిన్నరకు స్టూడియో తెరవాలి కాబట్టి వచ్చేశాను. నీళ్ళలో నడిచాను కాబట్టి నా అడుగులు ఎక్కడా పడలేదు.

మధ్యాహ్నం ఒంటిగంటకు బావ ఫోను చేశాడు. ఆయన గొంతులో నవ్వు లేదు.

"నలభైఏడు పోయిందిరా. మీ అక్క అన్నం తినకుండా కూర్చుంది. ఒకసారి రా."

వెళ్ళేసరికి అక్క వంటింటి బల్ల దగ్గర ఉంది. పాత దినపత్రిక పరిచి దాని మీద పిట్టను పెట్టింది. చూస్తే గుప్పెడు ఈకలు. ఎడమ రెక్క మెలితిరిగి ఉంది. కాలికి పసుపు జెండా శుభ్రంగా, కడిగినట్టు ఉంది. అక్క అప్పటికే తూకం వేసి, పుస్తకంలో రాసేసింది: బుధవారం, పన్నెండూ ఇరవై, పాటు, నలభైఏడు, శవం, తీగల కింద. చదివినవారి గడిలో తన పేరు.

"పీతల తాత కుక్క," అంది అక్క. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. "డ్యూటీ దిగి వెళ్ళేసరికి అది నోట కరుచుకుని పరిగెత్తుకొస్తోంది. దిబ్బ నిండా దాని అడుగులే. పోటులో దాన్ని వదిలాడు. అది మందను లేపింది, ఇవి పోయి తీగలకు కొట్టుకున్నాయి. ఇంకోటి కూడా చచ్చింది. ఒంట్లో శక్తి ఉంటే తీగల్ని తప్పించుకునేదిరా. నిన్ననే దిగింది. రెక్క ఎత్తే ఓపికే లేదు దానికి."

పీతల తాత నీరు తీసినప్పుడు బురదలో పీతలు ఏరుకుని బతికే మనిషి. రేంజరు ఇచ్చిన పర్మిట్ కార్డు మీద వెళ్తాడు. ఆయన ముందు ఒక గోధుమరంగు కుక్క నడుస్తుంది, దాని పేరు మేనేజరు. పని తాత చేస్తుంటే పక్కన కూర్చుని చూస్తుంది కాబట్టి ఆ పేరు ఆయనే పెట్టాడు. తీరంలో ఆ కుక్కంటే అందరికీ ముద్దే. అక్క కూడా రొట్టెముక్క వేసేది.

"తాత ఏమన్నాడు?" అన్నాను.

"ఏమంటాడు? నీరు తీశాకే వచ్చాం, చచ్చి పడి ఉన్నదాన్నే కరిచింది అంటాడు. అందరూ అదే అంటారు. రేంజరుకు రాసిచ్చాను. శుక్రవారం పొద్దున విచారణ. ఈ సీజనుకు కార్డు రద్దు చేసి, కుక్కను మునిసిపాలిటీ బండికి అప్పగిస్తానన్నాడు."

ఆ బండి ఎక్కిన కుక్క తిరిగి రాదు, అది అందరికీ తెలుసు. అక్కకూ తెలుసు. బావ నా కేసి చూసి, "పొద్దున నువ్వు వెళ్తానన్నావట కదా, ఏమైనా కనబడిందా?" అన్నాడు.

"వెలుగు బాగోలేదని తొందరగా వచ్చేశాను," అన్నాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, అడగకుండానే ఇంకో మాట కూడా అన్నాను. "తొమ్మిదికల్లా వచ్చేశాను."

ఎవరూ అనుమానించలేదు. సొంత తమ్ముణ్ణి ఎవరు అనుమానిస్తారు?

స్టూడియోకు వచ్చి షట్టరు సగం దించి, కెమెరా కార్డు కంప్యూటరులో పెట్టాను. తుడిచేద్దామనే పెట్టాను. పద్నాలుగింటిలో ఆరోది అన్నిటికన్నా బాగుంది. మందంతా ఒకవైపు ఒరిగి ఉంది, ప్రతి రెక్కకూ కింద నుంచి వెలుగు పట్టింది. మధ్యలో ఒక పిట్ట మిగతావాటికన్నా కొంచెం కిందగా, కాళ్ళు ఇంకా వేలాడుతూ ఉంది. దాన్ని పెద్దది చేశాను. ఇంకా పెద్దది చేశాను. పసుపు జెండా మీద నాలుగు, పక్కన ఏడు. ఆరో ఎనిమిదో కాదు, ఏడే.

నా జీవితంలో నేను పూర్తిగా చదివిన మొదటి నంబరు అది.

తుడిచేసే మీట మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నాను. తుడవలేదు. మంచితనం వల్ల అనుకోకండి. అంత మంచి ఫొటో నేను ఎప్పుడూ తీయలేదు, అందుకే చెయ్యి రాలేదు. కార్డు తీసి, కస్టమర్ల దువ్వెనలుండే సొరుగులో వేశాను.

గురువారం మధ్యాహ్నం పీతల తాత స్టూడియోకు వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. కుక్క గుమ్మం దగ్గరే ఆగి, లోపలికి రానిస్తారా లేదా అన్నట్టు నా కేసి చూసింది.

"రెండు ఫొటోలు కావాలి బాబూ. అర్జీకి అంటించాలంట. కార్డు తీసెయ్యొద్దని రాయించుకున్నాను."

కూర్చోబెట్టాను. అద్దం ముందు ఆయన జుట్టు తడిచేత్తో సర్దుకున్నాడు. సొరుగు తీసి దువ్వెన ఇస్తుంటే, కెమెరా కార్డు చేతికి తగిలింది. లైట్లు వేశాను. గడ్డం కొంచెం ఎత్తమన్నాను. కెమెరాలోంచి చూస్తే ఆయన కళ్ళు సూటిగా నా కళ్ళలోకే ఉన్నాయి. అందరివీ అలాగే ఉంటాయి, అలా చూడమని నేనే చెప్తాను. ఆ రోజు నాకది భరించరానిదైంది. రెండుసార్లు ఫోకస్ తప్పింది. ఇరవయ్యేళ్ళలో పాస్‌పోర్టు ఫొటోకు నాకు ఫోకస్ తప్పడం అదే మొదలు.

"దీనిది కూడా ఒకటి తీస్తావా?" అన్నాడు తాత కుక్కను చూపిస్తూ. "రేపు బండివాళ్ళు వస్తారంటున్నారు. దీని బొమ్మ ఒక్కటీ లేదు నా దగ్గర."

మేనేజరు స్టూలెక్కి, తెల్లగుడ్డ ముందు బుద్ధిగా కూర్చుంది. గడ్డం ఎత్తమని చెప్పనక్కర్లేకపోయింది. తీశాను. మూతి మీద ఇంకా కొంచెం బురద ఎండి ఉంది.

ఫొటోలు కవరులో పెట్టి ఇచ్చాను. తాత వెళ్ళడానికి లేచి, గుమ్మం దగ్గర ఆగాడు.

"నిన్న పొద్దున పదింటప్పుడు ఊళ్ళోంచి వస్తుంటే, నీ స్కూటర్ గట్టు మీద నుంచి ఎదురొచ్చింది. నువ్వు నన్ను చూడలేదు. ప్యాంటు తడిసి ఉంది నీది."

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

"నేనెవరికీ చెప్పలేదులే. పీతలు ఏరుకునేవాడు మీ అక్కగారి తమ్ముడి మీద చెప్తే ఎవరు నమ్ముతారు? నువ్వేదైనా చూసి ఉంటే చెప్తావేమోనని అంతే." కుక్క తల నిమిరాడు. "దీనికి పన్నెండేళ్ళు బాబూ. పిట్టను పట్టుకునేంత పరుగు దీనికి ఎక్కడుంది? నువ్వు నడిచినా అది నిన్ను అందుకోలేదు."

వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా చూశాను. కుక్క ముందు, తాత వెనక. తర్వాత షట్టరు దించి, ఆరో ఫొటోను పెద్ద సైజులో ప్రింటు తీశాను. ప్రదర్శనకని దాచుకున్న ఖరీదైన కాగితం మీదే తీశాను. పద్నాలుగోది కూడా తీశాను. దాంట్లో మంద తీగల దగ్గర ఉంది. దిబ్బ మొత్తం ఖాళీగా కనబడుతోంది. కుక్క లేదు, తాత లేడు. మూల మీద వేళ పడి ఉంది. స్కూటర్ మీద వెళ్తున్నంతసేపూ, అక్క తిడుతుంది, కొడుతుంది, రెండు నెలలు మాట్లాడదు, తర్వాత మాట్లాడుతుంది అని లెక్క వేసుకుంటూనే ఉన్నాను.

సాయంత్రం ఐదవుతోంది. అక్క వంటింటి బల్ల దగ్గరే ఉంది. బావ స్టవ్ దగ్గర టీ పెడుతున్నాడు. నేను ప్రింట్లు బల్ల మీద పెట్టి, నిలబడే చెప్పాను. పట్టిక రేవుదని చెప్పాను. నలభై కలపలేదని చెప్పాను.

"మరిచిపోయావా?" అంది అక్క.

అవును అంటే సరిపోయేది. ఆ అవకాశం ఆమే ఇచ్చింది.

"లేదు," అన్నాను. "తెలిసే కలపలేదు."

బావ స్టవ్ ఆపేశాడు. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని..." అని మొదలుపెట్టి, సామెత సగంలోనే వదిలేసి, గ్లాసులు కడగసాగాడు. ఆయన నోట సామెత సగంలో ఆగడం నేనెప్పుడూ వినలేదు.

అక్క తిట్టలేదు. ఆరో ఫొటోను దగ్గరికి లాక్కుని చూసింది. ఎడమకన్ను మూసుకుని చూసింది, అలవాటు కొద్దీ. ఎంతసేపు చూసిందో. వేలు దాని కాళ్ళ దగ్గర ఆగింది.

"కాళ్ళు ఇంకా మడవలేదు," అంది. "మడిచే ఓపిక లేదు."

తర్వాత ఫోను తీసి రేంజరుతో మాట్లాడింది. కంప్లయింటు తప్పని, వెనక్కి తీసుకుంటున్నానని, మందను లేపింది కుక్క కాదని చెప్పింది. అవతలివాడు నిప్పు లేనిదే పొగ రాదు కదా మేడమ్ అంటున్నట్టున్నాడు. "నిప్పు మా ఇంట్లోదే," అంది అక్క. "రేపు వచ్చి వాడే చెప్తాడు." ఫోను పెట్టేసి, నా కేసి చూడకుండానే, "ముందు తాత ఇంటికెళ్ళి చెప్పు. నేనూ వస్తాను. నేను ఆయన్ని అందరి ముందూ నానామాటలూ అన్నాను," అంది.

సరేనన్నాను. ఇక ఏదో ఒకటి అంటుందని ఎదురుచూశాను. అనకుండా లేచి, అలమారలోంచి నల్ల అట్ట పుస్తకం తెచ్చి, బల్ల మీద తెరిచింది.

"ఎన్నింటికి?"

నాకు అర్థం కాలేదు. "ఏంటక్కా?"

"ఫొటో ఎన్నింటికి తీశావు?"

"తొమ్మిదీ నలభైరెండు."

"ఎంత దూరం నుంచి?"

"ఇరవై అడుగులు."

కలం మూత తీసింది. అప్పుడు అర్థమైంది. బల్ల మీదికి వంగాను.

"వద్దక్కా. నా పేరు రాయకు."

"రెండు అంకెలూ చదివావా?"

"చదివాను."

"సొంత కంటితోనే?"

"ఆ."

"ప్రాణంతో ఉన్నప్పుడు దాన్ని ఆఖరున చూసినవాడివి నువ్వే," అంది. గొంతు కొంచెం కూడా పెంచలేదు. "జెండా తొడిగినవాళ్ళకు తెలియాలి కదరా. తొమ్మిదేళ్ళు వాళ్ళు కూడా దాని కోసం ఎదురుచూశారు."

మంగళవారం సాయంత్రం వరసకూ, బుధవారం పన్నెండూ ఇరవై వరసకూ మధ్య ఖాళీ లేదు. అక్క ఆ ఇరుకులోనే, స్కేలు పెట్టి గీత గీసి, చిన్న అక్షరాలతో రాసింది. బుధవారం, తొమ్మిదీ నలభైరెండు, పోటు, నలభైఏడు, ఎగురుతూ, ప్రాణంతో. ఆఖరి గడిలో నా పేరు ఇంటిపేరుతో సహా పూర్తిగా రాసి, సిరా ఆరేదాకా పుస్తకం మూయకుండా అలాగే తెరిచి ఉంచింది.